సముద్రం అడుగున జొన్నాకు మైనం



పాంచాలంకురిచ్చి నుంచి ఒట్టపిడారం, ఎట్టయాపురం, కోవిల్పట్టి, సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా పరుచుకున్న నల్లనేలను ఈ సీమలో కరిసల్ కాడు అంటారు. ఇక్కడి తెలుగు ఇళ్ళల్లోనూ ఆ మాటే చెల్లుతుంది. ఆంధ్ర, తెలంగాణ శ్రోతలకు చెప్పాలంటే నల్లరేగడి మెట్ట. ఏడాదికి పడేది సుమారు 700 మిల్లీమీటర్ల వాన. అందులో పెద్ద భాగం అక్టోబరుకూ డిసెంబరుకూ మధ్య ఈశాన్య రుతుపవనం తెచ్చేదే. నైరుతి మబ్బులు చాలావరకు పడమటి కనుమల అవతలే కురిసేస్తాయి, ఇవతలికి వచ్చేది గాలి. పురట్టాసి నెలలో పొడి దుక్కిలో విత్తనం వేసి ఆకాశం వైపు చూసే రైతుకు వాన గురించి ఎన్నో ప్రశ్నలుంటాయి. ఈ ఏడు ఎంత పడుతుంది? పోయినేటికంటే నయమా? తాతల నాడు ఇంతకంటే బాగా కురిసేదంటారే, అది నిజమేనా?

ఆ చివరి ప్రశ్న గురించే ఇవాళ మాట్లాడతాను. తాతలకు తాతల నాడు, ఇంకా వెనక్కి, వెయ్యేళ్ళ కిందట, నాలుగు వేల ఏళ్ళ కిందట వాన ఎట్లా ఉండేది? నేల మీద ఏ చెట్టు, ఏ గడ్డి మొలిచేది? పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మనను కయత్తారులో ఉరి తీసింది 1799 అక్టోబరు 16న. సరిగ్గా ఈశాన్య వానలు మొదలయ్యే రోజులు. కానీ వానను కొలిచి పుస్తకంలో రాసి పెట్టే అలవాటు అప్పటికింకా ఈ సీమకు రాలేదు. కొలిచిన లెక్కలు ఎంత వెనక్కి పోయినా రెండు వందల ఏళ్ళు దాటవు. అంతకు ముందటి వానను తెలుసుకోవాలంటే అది దేనిమీద గుర్తు వదిలిందో వెతకాలి.

ఆ గుర్తును కరిసల్ నేలలోనే వెతుకుదామంటే కుదరదు. ఎండాకాలంలో నల్లరేగడి నెర్రెలు బారడం అందరం చూసిందే. చెయ్యి పట్టేంత నెర్రె, గజం లోతు. పైమట్టి, ఎండుటాకు, గింజ, పెంకు అన్నీ అందులోకి రాలతాయి. వాన పడగానే నేల ఉబ్బి ఆ నెర్రెలు మూసుకుంటాయి, అడుగు మట్టి పైకి నెట్టుకొస్తుంది. ఇట్లా ఏటేటా నేల తనను తాను దున్నుకుంటూనే ఉంటుంది. నిన్నటి మట్టీ వెయ్యేళ్ళ నాటి మట్టీ కలిసిపోతాయి. సున్నపు పాలున్న మట్టి కావడం వల్ల, తడికీ పొడికీ మారి మారి లోనవడం వల్ల పుప్పొడి కూడా ఇందులో నిలవదు. పంటకు మేలు చేసే గుణమే చరిత్రకు కీడు చేసింది.

నేల దాచలేనిదాన్ని సముద్రం దాస్తుంది. వాన మట్టిని కోస్తుంది, ఏరు దాన్ని మోసుకుపోయి కడలిలో వదులుతుంది. అలల తాకిడి అందని లోతుల్లో ఆ ఒండ్రు పొర మీద పొరగా దిగుతుంది. అడుగున పాతది, పైన కొత్తది. ఓడ మీద నుంచి గొట్టం దించి ఆ పొరలను చెదరకుండా పైకి తీస్తే కొన్ని వేల ఏళ్ళ మట్టి వరుసగా చేతికొస్తుంది. దాన్ని కోర్ అంటారు.

ఆ మట్టిలో ఏం చూస్తారు? జొన్నచేలో తిరిగినవాళ్ళకు ఇది సులువుగా తెలుస్తుంది. జొన్న కాండం మీద, ఆకు మొదట్లో తెల్లటి పొడి పూత ఉంటుంది. గోటితో గీకితే వేలికి అంటుకుంటుంది. అదే ఆకు మైనం. నీళ్ళు ఆవిరైపోకుండా మొక్క తన ఒంటికి పూసుకునే పూత అది. జొన్నకు కంటికి కనపడేంత ఉంటుంది, తక్కిన మొక్కలకు కనపడకపోయినా ఉంటుంది. ఆకు కుళ్ళి మట్టైపోయినా ఈ మైనం అంత తొందరగా చెడదు. గాలికి రేగి, వాననీటికి కొట్టుకుపోయి, ఒండ్రు రేణువులకు అంటుకుని సముద్రం అడుక్కు చేరుతుంది. వేల ఏళ్ళ తర్వాత కూడా ప్రయోగశాలలో దాన్ని మట్టి నుంచి విడదీయవచ్చు.

ఇప్పుడు అసలు కిటుకు. గాలిలోని కార్బన్‌లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి, మామూలు కార్బన్-12, కాస్త బరువైన కార్బన్-13. బరువైనది నూటికి ఒక పాలే. చెట్లు, పొదలు, వరి, పత్తి, పప్పుధాన్యాలు ఒక పద్ధతిలో గాలి నుంచి ఆహారం తయారు చేసుకుంటాయి. వాటిని శాస్త్రజ్ఞులు సీ-3 మొక్కలంటారు. బరువు కార్బన్‌ను అవి బాగా వదిలేస్తాయి. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, ఎండ ప్రాంతాల గడ్డి చాలావరకు వేరే పద్ధతి పట్టాయి. అవి సీ-4. తక్కువ నీళ్ళతో, ఎక్కువ వేడిలో బతకగల మొక్కలు. వాటిలో బరువు కార్బన్ ఎక్కువ మిగులుతుంది. ప్రామాణికంతో పోల్చి చెబితే మొదటి తెగ వెయ్యికి 27 పాళ్ళు తక్కువ, రెండోది 13 పాళ్ళు తక్కువ, అటూఇటూగా. మైనంలో ఈ అంకెలు ఇంకా కిందికి దిగుతాయి కానీ రెండు తెగల మధ్య తేడా నిలిచే ఉంటుంది. కనుక ఒక పొరలోని మైనాన్ని తూచి చూస్తే, ఆ కాలంలో ఏటి పరీవాహకంలో చెట్లు ఎక్కువా, ఎండకు ఓర్చే గడ్డి ఎక్కువా అన్నది తెలుస్తుంది.

దక్షిణాదిలో ఈ పద్ధతి మొదట గట్టిగా నిలబడింది సముద్రంలో కాదు, కొండ మీద. నీలగిరుల్లోని బురద నేలల నుంచి తీసిన పీట్ మట్టిలో కార్బన్‌ను కొలిచి రామన్ సుకుమార్, రామేశ్, పంత్, రాజగోపాలన్ 1993లో నేచర్ పత్రికలో ప్రకటించారు. కొండ మీద గడ్డీ అడవీ వంతులవారీగా విస్తరించిన తీరు అందులో కనిపించింది. కానీ అది ఒక కొండ కథ. ఒక పెద్ద ఏటి మైదానమంతటి కథ కావాలంటే ఆ ఏరు కలిసే కడలికే పోవాలి.

తెలుగువాళ్ళకు ఆ ఏరు గోదావరి. 2006లో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా జోయిడిస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడ మన తీరాల్లో తిరిగింది. భారత ప్రభుత్వపు గ్యాస్ హైడ్రేట్ అన్వేషణ కోసం వచ్చిన ఓడ అది. సముద్రం అడుగున మంచులా గడ్డకట్టి ఉన్న సహజవాయువును కృష్ణా గోదావరి తీరంలో వెతకడం దాని పని. ఆ పనిలోనే గోదావరి ముఖద్వారానికి ఎదురుగా 1,268 మీటర్ల నీటిలోతు నుంచి 16ఎ అనే పేరుతో ఒక కోర్ పైకి వచ్చింది. ఎనిమిదిన్నర మీటర్ల ఒండ్రు. అందులో సుమారు 11 వేల ఏళ్ళ కాలం ఉంది. గ్యాస్ కోసం దించిన గొట్టంలో ఇంత చరిత్ర దొరకడం తెలుగు నేల అదృష్టమనే నేననుకుంటాను.

కమిలో పోంటన్, లివియు జోసాన్, టిమ్ ఎగ్లింటన్, పురావస్తు వృక్షశాస్త్రజ్ఞుడు డోరియన్ ఫుల్లర్, మన దేశం నుంచి పుష్పేంద్ర కుమార్ తదితరులు ఆ కోర్‌ను చదివి 2012లో ఫలితం చెప్పారు. సుమారు 4,000 ఏళ్ళ కిందటి నుంచి మైనంలో బరువు కార్బన్ మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చింది. అంటే గోదావరి పరీవాహకంలో ఎండకు ఓర్చే మొక్కల పాలు హెచ్చింది. 1,700 ఏళ్ళ కిందటికి ఆ పెరుగుదల ఒక స్థాయికి చేరి, అప్పటి నుంచి అట్లాగే నిలిచిపోయింది.

ఇక్కడ ఆగి ఒక మాట అడగాలి. మొక్క మారిందంటే వాన మారినట్టేనా?

ఈ ప్రశ్నకు కరిసల్ కాడు కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కోవిల్పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. 1976లో వచ్చిన ఆయన నవల గోపల్ల గ్రామం, ఉత్తరాన ఉన్న తెలుగు నేల నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు ఈ నల్లనేలలో ఊరు కట్టుకున్న కథ. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రాజకంబళం నాయకులు, కమ్మవారు, రెడ్లు, అరుంధతీయులు ఇట్లా తరతరాలుగా దిగివచ్చినవాళ్ళే. తిరునల్వేలి రైతు చరిత్ర రాసిన డేవిడ్ లడెన్ కూడా తెలుగువాళ్ళు ఇక్కడి నల్లనేలల్లో కుదురుకున్న సంగతిని తన 1985 నాటి పుస్తకంలో వివరంగా పట్టించుకున్నాడు. వచ్చినవాళ్ళు ముళ్ళచెట్లు కొట్టి, పొదలు కాల్చి, జొన్నా సజ్జా చల్లారు. తుమ్మ, రేగు సీ-3. జొన్న, సజ్జ సీ-4. ఆకాశంలో ఒక్క చినుకు తేడా రాకపోయినా ఆ ఏళ్ళలో ఈ నేల నుంచి పోయిన మైనం తీరు మారిపోయే ఉంటుంది.

ఇప్పటి సంగతి ఇంకా చిత్రం. ఎన్నో పొలాల్లో సజ్జ పోయి పత్తి, మినుము వచ్చాయి. ఆ మైనం మళ్ళీ చెట్ల వైపు మొగ్గుతుంది. మధ్యలో మొక్కజొన్న వచ్చి గడ్డి వైపు లాగుతుంది. వెయ్యేళ్ళ తర్వాత మన్నారు సింధుశాఖలో గొట్టం దించినవాడు మైనం ఒక్కటే చూసి, 2000 ప్రాంతంలో ఇక్కడ వానలు బాగా కురిసి అడవి పెరిగిందని అనుకోగలడు! మైనం వాన మాట చెబుతుంది, మనిషి మాటా చెబుతుంది. రెండూ ఒకే గొంతుతో చెబుతుంది.

అందుకే రెండో సాక్షి కావాలి. గోదావరి కోర్‌లో ఆ సాక్షి ఉంది. సముద్రపు పైనీటిలో బతికే ఫొరామినిఫెరా అనే కంటికి ఆనని జీవుల సున్నపు గుల్లలు ఒండ్రుతోపాటు అడుక్కు చేరతాయి. గోదావరి నిండుగా పారితే బంగాళాఖాతపు పైనీరు చప్పబడుతుంది. ఏరు చిక్కితే ఉప్పు పెరుగుతుంది. ఆ తేడా గుల్లల్లోని ఆక్సిజన్ మీద పడుతుంది. కాలాన్ని లెక్కకట్టేది కూడా ఈ గుల్లల్లోని రేడియోకార్బన్‌తోనే. అడవి కొట్టినా, జొన్న వేసినా సముద్రపు ఉప్పు అంతగా మారదు, వాన తగ్గితేనే మారుతుంది. గత 3,000 ఏళ్ళలో, ముఖ్యంగా 1,700 ఏళ్ళ ఇవతల, అంతకు ముందు ఎన్నడూ కనపడనంత ఉప్పదనం విడతలు విడతలుగా వచ్చినట్టు గుల్లలు చూపాయి. మైనమూ గుల్లా కలిసి చెప్పాక వాన తగ్గిన మాట నిలబడుతుంది.

వేరే చోట్ల నుంచీ దీనికి బలం ఉంది. మహారాష్ట్రలోని లోణార్ ఉల్కాబిలపు చెరువు మట్టిని చదివిన సుష్మా ప్రసాద్ బృందం 4,600 నుంచి 3,900 ఏళ్ళ కిందటి దాకా ఒకసారి, 2,000 నుంచి 600 ఏళ్ళ కిందటి దాకా ఇంకోసారి దీర్ఘమైన అనావృష్టి కాలాలను గుర్తించింది. మేఘాలయలోని మావ్‌ములూ గుహలో ఊరిన సున్నపురాయి 4,200 ఏళ్ళ కిందటి ఎండను దాచింది. ఆ రాష్ట్రం పేరిటే 2018లో భూచరిత్రలోని ప్రస్తుత యుగానికి మేఘాలయన్ అని పేరు ఖాయమైంది.

అయితే మనిషి చెయ్యి లేదనడానికీ వీల్లేదు. 2017లో జోసాన్ బృందం అదే గోదావరి కోర్‌ను మళ్ళీ చూసి, 4,000 ఏళ్ళ ఇవతల ఒండ్రు జోరుగా పెరిగిందనీ, అందులో దక్కను నల్లరాతి నేలల పాలు హెచ్చిందనీ చెప్పింది. ఎండ వల్ల చెట్టు పలచబడింది, పైగా సేద్యం నేలను విప్పింది. రెండూ కలిసి నల్లమట్టిని కడలికి తోశాయి. 2018లో ఉస్మాన్, ఎగ్లింటన్ తదితరులు నదీ పరీవాహకమంతా మట్టి నమూనాలు తీసి, ఎగువ గోదావరి మట్టికీ దిగువ మట్టికీ గుణం వేరని చూపారు. అంటే మైనంలో కనపడే మార్పులో కొంత, ఎగువ మట్టి ఎక్కువగా రావడం వల్లనైనా కావచ్చు. మైనం నేలలో వందల వేల ఏళ్ళు నిలిచి తర్వాత బయల్దేరడం ఇంకో చిక్కు. ఈ చిక్కులను దాచకుండా చెప్పే శాస్త్రం మీద నాకు గౌరవం ఎక్కువ.

ఆ ఎండకు మనుషులు ఏం చేశారన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. వాన తగ్గుతున్న ఆ కాలంలోనే దక్కనులో స్థిరమైన సేద్యం వేళ్ళూనింది. కర్ణాటక నుంచి పాలమూరు దాకా కనపడే బూడిద దిబ్బల నాటి పశుకాపరులు ఉలవలు, పెసలు, అండుకొర్ర పండించారు. ఆఫ్రికా నుంచి వచ్చిన జొన్న, సజ్జ తర్వాత వాటితో కలిశాయి. ఇక 1,700 ఏళ్ళ ఇవతల వాన నమ్మరానిదయ్యాక, దక్షిణాదిలో నీటిని నిలబెట్టుకునే కట్టడాలు వేగంగా పెరగడానికి అదే కారణం కావచ్చునని పోంటన్ బృందం అంటుంది. మన చెరువులే అవి.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, రాకూడని 6 దోషాలు అందులో లెక్కపెట్టారు. వెయ్యిమంది కూలీలు, రాళ్ళు మోసే వంద బండ్లు రెండేళ్ళు పనిచేశాయట. అంత శ్రమ ఊరికే పడరు. వాన వస్తుందన్న ధీమా ఉన్నవాడు కట్ట కట్టడు. ఇక్కడ విరుదునగర్ జిల్లాలో చెరువును కణ్మాయ్ అంటారు. వర్షాకాలంలో ఒకదాని అలుగు నీరు ఇంకోదానిలోకి పారే గొలుసు. కరిసల్‌కు దిగివచ్చిన తెలుగు రైతుకు ఎండను ఓర్చే గింజా, నీటిని ఆపే కట్టా రెండూ కొత్తవి కావు. గోదావరి ఒండ్రులో కనపడే వేల ఏళ్ళ ఎండలోనే వాళ్ళ పూర్వీకుల సేద్యం రూపుదిద్దుకుంది.

కానీ గోదావరి కథను తెచ్చి కరిసల్‌కు అంటగట్టలేం. గోదావరిది నైరుతి వాన, మనది ఈశాన్య వాన. ఒకటి తగ్గితే ఇంకోటీ తగ్గాలన్న నియమం లేదు. మైనంలోని హైడ్రోజన్ వాననీటి గుణాన్ని చెప్పగలదు. మామూలుగా జోరువానలో బరువు హైడ్రోజన్ తగ్గుతుంది. అయితే ఈశాన్య వాన నీరు నైరుతి నీటికంటే సహజంగానే తేలిక. కాబట్టి ఈ తీరపు మైనంలో తేలిక నీరు కనపడితే వాన పెరిగిందనా, లేక ఏడాది వానలో కార్తీకపు పాలు పెరిగిందనా? తేల్చడం కష్టం. ఇక్కడి ఏరులూ చిన్నవి. వైప్పారు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. తీరం వెంట సముద్రం లోతు తక్కువ. మంచుయుగంలో కడలి మట్టం సుమారు 120 మీటర్లు దిగినప్పుడు ఈ చోటంతా, లంక దాకా, నడిచిపోయే నేల. తూత్తుక్కుడికి దక్షిణాన తేరి అని పిలిచే ఎర్ర ఇసుక దిబ్బలున్నాయి. అంటే ఒకప్పుడు గాలి ఏలిన తీరం ఇది. కాబట్టి ఇంకా లోతైన మన్నారు నీళ్ళ నుంచి, ఏటి ఒండ్రు చెదరకుండా నిలిచిన చోటు చూసి కోర్ తీయాలి. ఒడిశా తీరంలో 2014-15లో జరిగిన తవ్వకాల్లో దొరికిన మట్టితో స్టీవెన్ క్లెమెన్స్ బృందం 9 లక్షల ఏళ్ళ వానను చదవగలిగింది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిన కాలాల్లో నైరుతి వాన బలపడిందని చూపింది. ఈశాన్య వానకూ అటువంటి పుస్తకం రావాలి.

అంతవరకు చేతిలో ఉన్నది చేయొచ్చు. కణ్మాయ్‌లలో పూడిక తీస్తున్నారు. ఆ మట్టి పొలాలకు బలం, తీయవలసిందే. తీసే ముందు, ప్రతి తాలూకాలో రెండు మూడు పాత కణ్మాయ్‌లను ఎంచి, కట్ట వైపు లోతు భాగంలో, ఎండాకాలం చివరిదాకా తడి ఆరని చోట, ఒక్క గొట్టం మట్టి తీసి పెట్టాలి. నల్లమట్టి నెర్రెలు బారని చోటే కావాలి, లేకపోతే పొలంలోలాగే పొరలు కలిసిపోతాయి. పుదుచ్చేరిలో 1955 నుంచి ఉన్న ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ పుప్పొడి చదవడంలో పేరుమోసింది. కోవిల్పట్టిలోనే మెట్ట సేద్యపు పరిశోధనా కేంద్రం ఉంది. ఒక మీటరు పూడికలో కొన్ని వందల ఏళ్ళు ఉండవచ్చు, అంటే పాలెగాళ్ళ కాలం నుంచి మన దాకా. కాలిన బొగ్గు రవ్వ, తుమ్మ పుప్పొడి, జొన్న మైనం, పత్తి మైనం ఏది ఎప్పుడు మొదలై ఎప్పుడు తగ్గిందో అందులో వరుసగా దొరకవచ్చు. జేసీబీ దిగిన తర్వాత ఆ వరుసను మళ్ళీ కూర్చలేం. ఈ వేసవికి పూడిక పనులు మొదలయ్యే ఊళ్ళ పెద్దలు, నీటి సంఘాలవాళ్ళు ఈ మాట వింటూ ఉంటే, మీ కణ్మాయ్ ఎప్పటిదో తెలిసిన ముసలివాళ్ళను అడిగి రాసి పెట్టండి, ముందు ఆ గొట్టం దించడానికి ఒక్క పూట ఆగండి.